మా అమ్మ ఒలిచిన గోడ

మా ఊరి చర్చి మాట వస్తే చాలు, ఎవరో ఒకరు "అది దొరలు కట్టింది కదా" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. దొర కట్టలేదు. దొర గొడుగు కింద నిలబడి చూశాడు. గోదావరి ఒడ్డు నుంచి రాళ్ళు నెత్తిన మోసింది మా ముత్తవ్వ, ఆమె తోడికోడళ్ళు. అడవిలో టేకు మాన్లు కొట్టి ఇక్కడిదాకా గుంజుకొచ్చింది కోయగూడెం మనుషులు. తలుపు పక్కన ఒక నల్లరాయి ఉంటుంది. దాని మీద విక్టోరియా రాణి పేరుంది, దొర పేరుంది. మోసినవాళ్ళ పేరు ఒక్కటీ లేదు. అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చిన రోజే ఆ రాయి ముందు నిలబడి మా నాయనను అడిగాను, "మనోళ్ళ పేర్లేవి?" అని. "రాయి చిన్నది బిడ్డా" అన్నాడు. అప్పుడు వచ్చిన కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

బూర్గంపాడు నుంచి అడవి దిక్కు పోయే దారిలో మాది చిన్న ఊరు. ఊరు ఒక పక్క, మా పేట ఇంకో పక్క. ఊళ్ళో భూములున్నవాళ్ళు, కోస్తా నుంచి వచ్చి మిరప, పొగాకు వేసిన రైతులు ఉండేవాళ్ళు. పేటవాళ్ళం వాళ్ళ చేలల్లో కూలికి పోయేవాళ్ళం. వాళ్ళ వాకిలి ముందు నుంచి చెప్పులు చేత పట్టుకుని నడిచిన రోజులు నాకు తెలుసు. అలాంటి మాకు ఒక రాతి కట్టడం ఉండడం, అందులో బల్లల మీద కాళ్ళు కిందికి వదిలి దర్జాగా కూచోవడం చిన్న సంగతి కాదు. నిండా కూచుంటే డెబ్బై మందికి సరిపోయే గది. పైన మొనదేలిన కిటికీలు, టేకు దూలాలు, పెంకుల కప్పు, ఒక చిన్న గంట. అంతే. కానీ ఊళ్ళోని పెద్ద రైతు ఇంటి గోడల కంటే మా చర్చి గోడలే మందం. పిల్లలం జానలు పెట్టి కొలిచి మరీ ఆ సంగతి తేల్చుకున్నాం.

ఆ గోడలకు ఏటా ఒక సేవ ఉండేది. వానలు తగ్గాక, క్రిస్మస్ లోపల, సున్నం పని. అది ఆడవాళ్ళ పని. నడిపించేది మా అమ్మ. గోదావరి ఇసుకలో ఏరుకొచ్చిన గుల్లలు కాల్చి, ఆ సున్నాన్ని గుంతలో నానేసి, ఇసుక కలిపి, చర్చి వెనకున్న రాతి గానుగలో పోసేవాళ్ళు. గానుగంటే గుండ్రటి రాతి కాలువ, అందులో దొర్లే రాతి చక్రం, దాన్ని లాగే ఒక ముసలి ఎద్దు. కరక్కాయలు నానిన నీళ్ళు, బెల్లం నీళ్ళు పోస్తూ రోజంతా నూరితే డంగుసున్నం తయారయ్యేది. వానకు గోడ ఎక్కడ పెచ్చు రాలితే అక్కడ దాన్ని మెత్తి, నున్నటి రాయితో రుద్ది, పైన తెల్లసున్నం కొట్టేవాళ్ళు. అమ్మ తాపీ మీద ముద్ద పెట్టి తిరగేసి పట్టుకునేది. ముద్ద కింద పడకపోతేనే "అయింది" అనేది. పడిందంటే ఎద్దుకూ మాకూ ఇంకో రెండు గంటలు విడుదల లేదు.

కరక్కాయలు తెచ్చేది కోయగూడెం నుంచి ఒకావిడ. మా అమ్మ ఈడు మనిషి. ఆమె చర్చిలోకి వచ్చేది కాదు, వాళ్ళ దేవతలు వాళ్ళకున్నారు. అయినా ఏటా తట్ట నెత్తిన పెట్టుకుని దిగేది. ఎందుకు తెస్తావని నేనొకసారి అడిగితే, "ఆ దూలాలు మా తాత గుంజిండు. కప్పు మాది, గోడలు మీవి" అంది. క్రిస్మస్ రోజు ఆమె ఇంటిల్లిపాదీ మాతో కూచుని తినేవాళ్ళు. మేము గోదావరి చేపలు వండేవాళ్ళం, వాళ్ళు ఇప్పపూలు తెచ్చేవాళ్ళు. ఎవరికీ ఇందులో వింత కనపడేది కాదు.

డెబ్బైల చివర్లో సిమెంటు వచ్చింది. తెచ్చింది పరాయివాళ్ళు కాదు, మా చిన్నాయన. మా నాయనకు తమ్ముడి వరస. కొత్తగూడెం బొగ్గుబాయిలో నౌకరి, చేతికి గడియారం, ఆదివారం పొద్దున్నే బస్సు దిగి తెల్లచొక్కాతో చర్చికొచ్చేవాడు. చర్చి సంఘానికి పెద్ద కూడా ఆయనే. అప్పట్లో సిమెంటు పర్మిటు మీద దొరికేది. పర్మిటు సంపాదించడమే ఒక ఘనత. ఊళ్ళో రైతులు ఇళ్ళకు సిమెంటు పూయించి, నున్నటి గోడల మీద చేతులు వేసి మురిసిపోతున్న కాలం.

"ఊళ్ళె ఇండ్లన్నీ సిమెంటుతోని నిగనిగలాడుతున్నయ్. మనం గుల్లలు కాల్చుకుంట ఎన్నేండ్లు గిట్ల కూచుంటం వదినా?" అన్నాడు చిన్నాయన, ఆరాధన అయ్యాక, అందరి ముందూ.

"సిమెంటు పూస్తే గోడకు పట్టిన చెమ్మ ఎటు పోవాలె తమ్మీ?" అంది అమ్మ.

అందరూ నవ్వారు. గోడకు చెమ్మేంది, అది పోవుడేంది అని. నేనూ నవ్వాను. ఆ నవ్వు గురించి దాచి లాభం లేదు. నేనప్పుడు ఖమ్మంలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాను. సిమెంటు గోడ అంటే నాకూ మనిషిగా లెక్కలోకి రావడమే. ఇంటికొచ్చాక అమ్మ మళ్ళీ అదే మాట ఎత్తితే అరిచాను. "ఏందమ్మా నీ సున్నం గోల! నీ చేతులు చూస్తే మా హాస్టల్ పిల్లలు నవ్వుతరు." సున్నం తిని పగిలిపోయిన చేతులవి. అమ్మ వాటిని ఒకసారి చూసుకుని కొంగులో పెట్టుకుంది. నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. సిగ్గు పడాల్సిన పనే చేశాను.

ఎండాకాలంలో మేస్త్రీలు వచ్చి లోపలా బయటా సిమెంటు పూసి వెళ్ళారు. చర్చి బూడిద రంగులో మెరిసింది. గానుగ చక్రాన్ని పక్కకు దొర్లించారు. సున్నం గుంతలో చెత్త పోశారు. కోయగూడెం ఆవిడ ఆ ఏడు కూడా తట్టతో వచ్చింది. "ఈయేడు వద్దంట" అని అమ్మ చెప్పాల్సి వచ్చింది. ఆమె గోడ మీద చెయ్యి వేసి చూసి తట్ట ఎత్తుకుంది. క్రిస్మస్‌కు వాళ్ళు రాలేదు.

తర్వాత నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. చండ్రుగొండ అవతల అడవి ఊళ్ళో పోస్టింగు. ఎనభై ఆరులో గోదావరి వచ్చింది. ఆ వరద సంగతి మా దిక్కు ఎవరిని అడిగినా చెబుతారు. మా పేట మొత్తం కోయగూడెం మిట్ట మీదికి ఎక్కింది, వాళ్ళే మాకు కూడు పెట్టారు. చర్చిలో నీళ్ళు కిటికీల దాకా నిలిచాయి. బల్లలు తేలి ఒక మూలకు చేరాయి. నీళ్ళు తీశాక బురద ఎత్తిపోశారు, కడిగారు, గంట తుడిచారు. కానీ గోడలు ఆరలేదు. నెలలు గడిచినా తడి పోలేదు. సిమెంటు మీద ఉప్పు పూసింది. పొద్దున్నే చెయ్యి పెడితే చెయ్యి తడిసేది. తూర్పు గోడ మీద ఒకచోట పెద్ద ఉబ్బు లేచింది.

చిన్నాయన పట్నం నుంచి ఒక ఇంజనీరును పిలుచుకొచ్చాడు. ఆయన జీపు దిగి, ఆ ఉబ్బును కర్రతో పొడిచి, పది నిమిషాల్లో తేల్చాడు. గోడలు నాని పోయాయి, కట్టడం ప్రమాదం, పడగొట్టాల్సిందే అన్నాడు. చర్చికి తాళం పడింది. ఆరాధన బడి వరండాలోకి మారింది. కోతలయ్యాక పాతది పడగొట్టి స్లాబుతో కొత్తది కడతామని సంఘం తీర్మానించింది. రోడ్డు మీది నుంచి కనపడేంత ఎత్తు గోపురం, మైకులు. చిన్నాయన ఆ మాటలు చెబుతుంటే కళ్ళు మెరిసేవి. ఆయన బాధ నాకు తెలియనిది కాదు. చిన్నప్పుడు ఊరి బావి దగ్గర దెబ్బలు తిన్న మనిషి. ఊళ్ళో ఉన్నవాటి కంటే ఎత్తైనది ఒకటి మాకుండాలని ఆయన ఆశ. ఆ ఆశను నేను తప్పు పట్టను. దానికోసం ఆయన చేసినదాన్ని మాత్రం వదిలిపెట్టను.

సంక్రాంతి సెలవులకు ఇంటికొస్తే అమ్మ నన్ను చెయ్యి పట్టుకుని చర్చి వెనక్కి తీసుకుపోయింది. గడ్డి అడ్డం జరిపి చూపించింది. గోడ అడుగున అరచేయంత మేర సిమెంటు లేదు.

"నేనే ఒలిచిన. ఒలిచిననాడు లోపట సున్నం పెరుగు లెక్క మెత్తగున్నది. నాలుగు దినాలు ఎండ తగిలింది. ఇప్పుడు గోరు పెట్టి చూడు" అంది.

గోరు పెట్టాను. దిగలేదు. రాయిలా ఉంది. పక్కనే సిమెంటు ఉన్న చోట నీళ్ళు కారుతున్నాయి.

"గోడకు ఏ రోగం లేదు బిడ్డా. చెమ్మ బయటికి రానిస్తలేరు."

బీఈడీ చదివిన నాకు, జీపులో వచ్చిన ఇంజనీరుకు, గడియారం పెట్టుకున్న చిన్నాయనకు ఎవరికీ తట్టని సంగతి. ఆమె ఏడేళ్ళ కిందే అడిగింది. మేము నవ్వాం.

ఆ ఆదివారం జనం బడి దగ్గర చేరుతుండగా అమ్మ ఉలి, సుత్తి తీసుకుని చర్చి పడమటి గోడ దగ్గర నిలబడి సిమెంటు ఒలవడం మొదలుపెట్టింది. టంగుటంగుమని చప్పుడు. అందరూ పరుగెత్తుకొచ్చారు. చిన్నాయన ముందు నిలబడ్డాడు.

"ఏంది వదినా గిది? పిచ్చి లేసిందా? గోడ కూల్తది!"

"కూల్తే నా మీదనే గదా కూలేది. నువ్వు జర దూరం జరుగు తమ్మీ."

"ఇంజనీరు చెప్పినంక నువ్వెవరు?"

"ఈ గోడకు ముప్పై ఏండ్లు సున్నం పెట్టినదాన్ని."

నేను ఇంట్లోకి పోయి ఇంకో ఉలి తెచ్చుకుని ఆమె పక్కన నిలబడ్డాను. ధైర్యం అని ఎవరూ అనుకోవద్దు. ఆ సిమెంటు వేసినప్పుడు నవ్వినదాన్ని, తీసేటప్పుడు చూస్తూ కూచోలేకపోయాను. మొదటి దెబ్బకే బొటనవేలు చితక్కొట్టుకున్నాను. అమ్మ చూసి, "హాస్టల్ల గిదే నేర్పిన్రా?" అంది.

వారం తిరిగేసరికి సంఘం సభ పెట్టింది. మా అయ్యగారు, అంటే పాస్టరుగారు, మెతక మనిషి. తల వంచుకుని కూచున్నాడు. చిన్నాయన కాగితం చదివాడు. సంఘం తీర్మానానికి ఎదురు తిరిగి ఆస్తిని పాడు చేసినందుకు అమ్మ పేరు రిజిస్టరులోంచి కొట్టేస్తారు. ఆరాధనకు లోపలికి రాకూడదు, రొట్టె, ద్రాక్షరసం పంచే బల్లారాధనలో చెయ్యి చాపకూడదు. చనిపోతే సమాధుల దొడ్డిలో చోటుండదు.

ఆ చివరి మాటకు అక్కడున్న ఆడవాళ్ళందరూ అమ్మ వైపు చూశారు. సమాధుల దొడ్డిలో మా నాయన ఉన్నాడు. ఆయన పక్కన ఒక మనిషికి సరిపడా చోటు విడిచి పెట్టింది అమ్మే. ప్రతి ఆదివారం ఆ చోట గడ్డి పీకి, "ఇది నాది, ఎవరూ తొక్కకండ్రి" అని పిల్లల్ని అదిలించేది. ఆమెకు ఈ భూమ్మీద నాది అని చెప్పుకోవడానికి ఉన్నది ఆ ఆరడుగులే.

చిన్నాయన గొంతు తగ్గించాడు. "నువ్వు పని ఆపుతనంటే ఈ కాగితం ఇప్పుడే చింపేస్త వదినా."

అమ్మ చేతులు కొంగులో పెట్టుకోలేదు, ఒళ్ళోనే పెట్టుకుని కూచుంది. తర్వాత లేచింది.

"ఇంకా మూడు గోడలు మిగిలినయ్. అవి అయినంక ఆపుత" అంది.

ఆదివారాలకు, ఆ తర్వాత బడి సెలవులకు నేనూ వచ్చి, ఎండాకాలమంతా ఒలిచాం. మొదట మేమిద్దరమే. తర్వాత పేటలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు, మొగుళ్ళకు చెప్పకుండా వచ్చినవాళ్ళు, చెప్పి తిట్లు తిని వచ్చినవాళ్ళు. కొందరు రానే లేదు, దారిలో కనబడితే మొహం తిప్పుకున్నారు. తూర్పు గోడ మీది ఉబ్బు కొడితే సిమెంటు పెచ్చు మంచం అంత ఊడి పడింది. దాని వెనక గోడ చెక్కుచెదరకుండా ఉంది. ఉబ్బింది సిమెంటే, రాయి కాదు. చైత్రం ఎండలకు గోడలు ఎండి తెల్లబడ్డాయి. గానుగ చక్రాన్ని మళ్ళీ కాలువలోకి దొర్లించాం. కోయగూడెం ఆవిడకు అమ్మ కబురు పెట్టలేదు, పెట్టే మొహం లేదంది. ఆమే తెలుసుకుని వచ్చింది. "ఎన్ని తట్టలు గావాలె అక్కా?" అని మాత్రం అడిగింది.

మృగశిర దగ్గర పడుతుండగా గోడలు పడగొట్టడానికి ఒక మేస్త్రీ నలుగురు మనుషులతో గడ్డపారలు పట్టుకుని వచ్చాడు. సంఘం మాట్లాడి పంపిన మనిషే. మేము అడ్డం పోబోతే అమ్మ ఆపింది. "కొట్టనియ్యండ్రి, చూద్దం" అని గానుగ గట్టు మీద కూచుంది. ఆ మనుషులు దక్షిణపు మూల ఒక రాయికి గడ్డపార పెట్టారు. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. మధ్యాహ్నానికి ఒక రాయి మూల లేచింది, ఒక గడ్డపార వంగింది. ఆడవాళ్ళం మంచినీళ్ళు తెచ్చిచ్చి, "జల్దీ చెయ్యండ్రి, వాన వస్తది" అని ఆటపట్టించాం. మేస్త్రీ తలగుడ్డ తీసి చెమట తుడుచుకుని అమ్మ దగ్గరికొచ్చాడు.

"ఏం పెట్టి కట్టిన్రమ్మా దీన్ని?"

"కరక్కాయ, బెల్లం" అంది అమ్మ.

"పడిపోతదన్న గోడను పడగొట్టనీకి నాకు రెండు నెలలు పడ్తది. నా వల్ల గాదు" అని మనుషుల్ని తీసుకుని పోయాడు. ఆ వానాకాలం చర్చిలో ఒక్క చుక్క చెమ్మ లేదు. దసరా నాటికి తాళం తీశారు. స్లాబు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

అమ్మ పేరు మాట కూడా ఎత్తలేదు. కొట్టేసింది కొట్టేసినట్టే ఉంది. ఆరాధనకు గంట కొట్టగానే అందరూ లోపలికి పోయేవాళ్ళు. అమ్మ బయట, తాను సున్నం పెట్టిన గోడకు ఆనుకుని, కిటికీ కింద చాప వేసుకుని కూచునేది. లోపలివాళ్ళ కంటే గట్టిగా పాడేది. రాగం తప్పితే ఇంకా గట్టిగా పాడేది. నేను సెలవులకు వచ్చినప్పుడల్లా ఆమె పక్కనే కూచునేదాన్ని. ఆరేళ్ళు అలా జరిగింది. చిన్నాయన ఆమె ముందు నుంచే లోపలికి వెళ్ళేవాడు, తల తిప్పకుండా.

తొంభైల్లో అమ్మ ఊపిరి జబ్బుతో మంచం పట్టింది. భద్రాచలం దవాఖానా నుంచి ఇంటికి తీసుకుపొమ్మన్నారు. అప్పుడు చిన్నాయన మా ఇంటికి వచ్చాడు. చేతిలో కాగితం, సిరా డబ్బా. తప్పు చేశాను, క్షమించమని వేడుకుంటున్నాను అని రాసి ఉంది. "ఒక్క వేలుముద్ర వదినా. అన్న పక్కన పండుకుంటవ్" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి, కాదనను.

నేను అమ్మ కాళ్ళ దగ్గర కూచుని బతిమాలాను. "పెట్టమ్మా. గోడ ఎట్లనూ నిలబడ్డది. ఇప్పుడు ఎవరికి నష్టం?" అన్నాను. అవును, నేనే అన్నాను. ఆమెను నాయన పక్కన చూసుకోవాలని నాకు అంత ఆశగా ఉండింది.

అమ్మ ఆగి ఆగి ఊపిరి తీసుకుంటూ చెప్పింది. "గోడ నిలబడి ఉండంగ నేను అబద్ధం ఎందుకాడాలె బిడ్డా? నేను వేలు పెడితే, రేపు ఇంకెవరన్న గోడ ఒలిచేటందుకు భయపడ్తరు."

"మరి నాయన?"

"మీ నాయనకు చెప్పి పెట్టిన. ఏమనుకోడు."

చిన్నాయన సిరా డబ్బా మూత పెట్టుకుని వెళ్ళిపోయాడు. నాలుగో రోజు అమ్మ పోయింది. సమాధుల దొడ్డిలో చోటివ్వమని నేను సంఘం ముందు పోయి నిలబడలేదు. కోయగూడెం ఆవిడ వచ్చి, "రా, అక్కను మా చేనుల పెడదం" అంది. అక్కడే పెట్టాం, మిట్ట మీద, వరద ఎక్కని చోట. అయ్యగారు ఎవరికీ చెప్పకుండా వచ్చి ప్రార్థన చేసి పోయాడు. నాయన పక్కన ఆ ఆరడుగులు అలాగే ఖాళీగా ఉండిపోయాయి.

మరి కొన్నేళ్ళకు చర్చికి నూరేళ్ళ పండుగ చేశారు. నన్నూ పిలిచారు. ఎక్కడెక్కడినుంచో పెద్దలు వచ్చి గోడలు తడిమి, ఎంత పాత కట్టడం, ఎంత బాగా కాపాడుకున్నారు అని సంఘాన్ని మెచ్చుకున్నారు. చిన్నాయన అప్పటికి ముసలివాడైపోయాడు. తూర్పు గోడకు ఆనుకుని, నిలబడే ఓపిక లేక, ఒక కాగితం చదివాడు. ఈ శుభ సమయాన సంఘం పెద్ద మనసుతో మా అమ్మ చేసిన తప్పును క్షమించి, ఆమె పేరును తిరిగి రిజిస్టరులో చేర్చుకుంటున్నదని. జనం చప్పట్లు కొట్టారు.

నేను లేచాను.

"చిన్నాయనా, మా అమ్మ క్షమాపణ అడగలే. చచ్చేదాక అడగలే. నువ్వు పడిపోకుండ ఆనుకున్నవే, ఆ గోడ ఆమె చేసిన తప్పు. క్షమించేదే ఉంటే ఆమె నిన్ను క్షమించాలె. ఆమె లేదు. నాకు అంత పెద్ద మనసు లేదు."

ఆయన గోడ మీది నుంచి చెయ్యి తీయబోయి, పడిపోతానని మళ్ళీ పెట్టుకున్నాడు. అయ్యగారు తడబడుతూ కీర్తన నంబరు చెప్పాడు. పాడటానికి అందరూ లేచి నిలబడ్డారు. నేను కూచున్నాను.